కోతులు లేని కోతుల దీవి

ఇటలీలో నేపుల్స్ రేవు నుంచి పడవెక్కితే గంటా గంటన్నరలో ఒక దీవి వస్తుంది. ఇప్పుడు దాని పేరు ఇస్కియా. 2,700 ఏళ్ళ కిందట గ్రీకులు దాన్ని పిథెకూసాయ్ అనేవారు. గ్రీకులో పిథెకోస్ అంటే కోతి. అంటే అది కోతుల దీవి. అక్కడికి వెళ్ళి ఎంత వెతికినా చెట్టు మీద ఒక్క కోతీ కనబడదు. ఈ తిరకాసు రోమన్ పండితుడు ప్లినీకీ తట్టింది. ఆ పేరు కోతుల వల్ల వచ్చింది కాదు, పిథోస్ అంటే బాన, బానలు చేసే కుమ్మరుల వల్ల వచ్చింది అని ఆయన రాశాడు. ఈ మాట కూడా నిజమో కాదో ఎవరూ తేల్చలేదు. ఆ దీవి కథ మనదాకా వచ్చింది మాత్రం కుండల వల్లే.

మనకు గ్రీకులనగానే గుర్రం మీద అలెగ్జాండరు, ఎదురుగా ఏనుగు మీద పురుషోత్తముడు కళ్ళ ముందు నిలుస్తారు. నేను చెప్పబోయేది అలెగ్జాండరుకు నాలుగు వందల ఏళ్ళ ముందటి మాట. అప్పటికి గ్రీసు అనే దేశం లేదు. ఉన్నవల్లా ఊళ్ళు, రేవులు, దీవులు. క్రీ.పూ. 8వ శతాబ్దం నడిమిలో యుబియా అనే పెద్ద దీవి నుంచి, అక్కడి కాల్కిస్, ఎరిట్రియా పట్టణాల నుంచి, కొందరు పడవలెక్కి పడమటికి వచ్చి ఈ కోతుల దీవిలో దిగారు. పడమటి సముద్రంలో గ్రీకులు కట్టుకున్న మొదటి పెద్ద ఊరు ఇదే.

మన చరిత్ర పుస్తకాలు ఇలాంటి ఊళ్ళను గ్రీకు వలసలు అంటాయి. ఈ వలస అన్న మాట తెలుగులో రెండు పనులు చేస్తుంది. వలస పాలన అంటే తెల్లదొర, తుపాకీ, కలెక్టరు కచేరీ గుర్తొస్తాయి. వలస పోయారు అంటే పాలమూరు కూలీలు, మూటాముల్లే, చంకలో బిడ్డ గుర్తొస్తారు. ఒకే మాట, రెండు లోకాలు. గ్రీకులు వాడిన మాట అపొయికియా. ఒయికోస్ అంటే ఇల్లు. ఆ ఇంటికి దూరంగా పెట్టుకున్న మరో ఇల్లు అపొయికియా. మరి ఇస్కియా దీవిలో దిగినవాళ్ళది మన రెండు వలసల్లో ఏది? ఇది పుస్తకాల్లో తేలే సంగతి కాదు. రోమన్ కాలపు రచయితలు స్ట్రాబో, లివీ ఈ దీవి గురించి నాలుగు మాటలు రాశారు గాని, వాళ్ళు రాసేనాటికి ఏడు వందల ఏళ్ళు గడిచిపోయాయి. పైగా స్ట్రాబో అక్కడ బంగారం గనులున్నాయన్నాడు. అగ్నిపర్వతం కక్కిన రాయితో పుట్టిన ఆ దీవిలో బంగారు గని ఎక్కడిది? కంసాలుల పనినే ఆయన గని అనుకున్నాడని ఇప్పటి పండితులు సర్దిచెబుతారు.

కాబట్టి మట్టినే అడగాలి. 1952లో జార్జియో బుక్నర్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ మట్టిని అడగడం మొదలుపెట్టాడు. దీవికి వాయవ్యపు మూలన లాక్కో అమేనో అనే ఊరుంది. దాని పక్కన మొంతే ది వీకో అనే గుట్ట. గుట్ట మీద పాత ఊరు, గుట్ట కింద సాన్ మొంతానో అనే చిన్న లోయలో ఆ ఊరి శ్మశానం. బుక్నర్ ఆ లోయను మూడు దశాబ్దాలు తవ్వాడు. మొదటి పదేళ్ళలో, అంటే 1961 దాకా, బయటపడిన 723 సమాధుల వివరాలు అచ్చయింది 1993లో. ముప్పై ఏళ్ళకు పైగా ఆలస్యం. తప్పు పట్టేవారు పట్టారు. నేను పట్టను. ఒక్కో సమాధిలో దొరికిన ప్రతి పెంకుకూ ఒక చీటీ కట్టాలి, అది ఏ కొలిమిదో ఏ ఊరిదో రాయాలి, పగిలినవాటిని అతికించాలి. తవ్వడం పలుగూ పారా పని. చదవడం వేరే పని.

ఆ శ్మశానం తీరు మనకు మరీ వింతగా అనిపించదు. పెద్దవాళ్ళను ఎక్కువగా చితి మీద దహనం చేసేవారు. చితి ఆరాక మిగిలిన అస్థికలూ బూడిదా ఒకచోట పోగుచేసి, పైన రాళ్ళు గుట్టగా పేర్చేవారు. మన సంచయనంలో ఏరిన అస్థికలు నదికి పోతాయి. అక్కడ రాళ్ళ కిందికి పోయేవి. పిల్లల్ని మాత్రం కాల్చకుండా పూడ్చేవారు. మనలోనూ చాలా ఇళ్ళలో పసిపిల్లల విషయంలో ఇదే ఆచారం. మరీ చంటిబిడ్డలైతే, నూనె, ద్రాక్షసారా వచ్చిన పెద్ద జాడీ పక్కకు కోసి, బిడ్డను లోపల పడుకోబెట్టి, మళ్ళీ మూసి పూడ్చేవారు. ఒక కుటుంబం సమాధులు ఒకదాన్నొకటి ఆనుకుని, ఒక్కోచోట ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. తాత పక్కన తండ్రి, ఆ పక్కన పేరు పెట్టకముందే పోయిన పసికందు. సైన్యం దిగిన చోట ఇలాంటి శ్మశానం ఉండదు. ఇది కాపురాలు చేసినవాళ్ళ శ్మశానం.

అయితే ఇది 8వ శతాబ్దమని ఎలా తెలిసింది అని మీరడగవచ్చు. రాజు పేరు, ఏడాది వేసిన శాసనాలేవీ లేవు కదా. ఇక్కడ ఒక పసిబిడ్డ సాయపడింది. 325వ నంబరు సమాధిలో ఆ బిడ్డ ఒంటి మీద ఈజిప్టు తాయెత్తు ఒకటి దొరికింది. పేడపురుగు ఆకారంలో చేసే ఈ తాయెత్తులు దిష్టి తగలకుండా పిల్లలకు కట్టేవారు. ఈ లోయలో పిల్లల సమాధుల్లో ఇవి చాలా ఉన్నాయి. ఈ ఒక్కదాని మీద మాత్రం బొక్కోరిస్ అనే ఫారో పేరుంది. ఆయన ఏలింది సుమారు క్రీ.పూ. 720 నుంచి 715 దాకా, అంతే, అయిదారేళ్ళు. కనక ఆ బిడ్డను పూడ్చింది 720కి ముందు కాదు. ఆ బిడ్డతో పాటు పెట్టిన కుండలు కూడా ఆ కాలానివే అయి ఉండాలి. అదే రకం కుండలు సిసిలీలో దొరికితే, అక్కడి ఊళ్ళు ఎప్పుడు పుట్టాయో గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాసిన లెక్కతో సరిచూసుకోవచ్చు. పాత గ్రీకు కాలపు తేదీలు చాలావరకు ఇలా ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నిలబడినవే. ఒకటి కదిలితే మిగతావీ కదులుతాయి. ఆ తాయెత్తు కట్టిన తల్లికి ఈ సంగతి ఏం తెలుసు!

ఇప్పుడు అసలు గిన్నె దగ్గరకు వద్దాం. 1954లో 168వ సమాధి. రాళ్ళ గుట్ట కింద, కాలిన ఎముకల మధ్య చితికిపోయిన మట్టి పెంకులు. అతికిస్తే జానెడు లేని గిన్నె తయారైంది. ఎత్తు పది సెంటీమీటర్లు. రెండు పక్కలా చేతిపట్లు, గీతలతో జ్యామితి ముగ్గులు. గిన్నె చేసింది ఏజియన్ సముద్రపు తూర్పు తీరంలో. కాల్చి గట్టిపడ్డాక ఎవరో దాని ఒంటి మీద మొనదేలిన దానితో మూడు వరుసలు గీకారు. కుడి నుంచి ఎడమకు. అక్షరాలు యుబియా వాళ్ళవి.

ఆ మూడు వరుసలూ చదివినవాళ్ళు ముందు నవ్వి ఉంటారు. హోమరు ఇలియడ్‌లో నెస్టర్ అనే ముసలి రాజు ఉన్నాడు. ఆయనకో పానపాత్ర ఉంది. బంగారు మేకులు, నాలుగు పిడులు, పిడుల మీద పావురాలు. నిండుగా ఉన్నప్పుడు మరొకడు దాన్ని బల్ల మీంచి లేపడానికే నానా అవస్థా పడాలి, నెస్టర్ మాత్రం ఇట్టే ఎత్తేవాడట. ఈ మట్టి గిన్నె మొదటి వరుసలో ఆ నెస్టర్ గిన్నెను తలుచుకుంటుంది. ఇక తరవాతి మాట శాపంలా మొదలవుతుంది. ఆ రోజుల్లో గిన్నెల మీద పేరు రాసుకుని, దొంగిలించినవాడికి కీడు జరగాలని తిట్టడం అలవాటు. ఎదుటి ఒడ్డున క్యూమేలో దొరికిన చిన్న నూనెబుడ్డి తాను తతాయే అనే ఆమెదాన్నని చెప్పి, తనను దొంగిలించినవాడి కళ్ళు పోతాయంటుంది. ఈ గిన్నె కూడా తనతో తాగినవాడికి ఏదో ముంచుకొస్తుందని బెదిరిస్తుంది. వినేవాడు కళ్ళు పోవడమో కాళ్ళు పోవడమో అనుకునేలోపు, ముంచుకొచ్చేది అఫ్రొడైటీ దేవి పంపే వలపు అని తేలుతుంది.

దీన్ని మన భాషలో ఏమంటారో మీకీపాటికి తట్టి ఉంటుంది. చాటువు. నలుగురు కూచున్న చోట, రెండు గుటకలు పడ్డాక, పురాణంలోంచి ఒక పేరు లాగి, ఎదుటివాడు ఊహించని చోట మలుపు తిప్పి వదిలే చాటువు. రెండు వరుసలు హోమరు వాడిన ఛందస్సులోనే నడుస్తాయి. గ్రీకు అక్షరాల్లో మనకు దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటి. ఆ వరుసలు రాసినవాడికి హోమరు కావ్యమే తెలుసా, లేక నోటినోటా తిరిగే నెస్టర్ కథ ఏదో తెలుసా అని పండితులు ఏడు పదులేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నారు. నా మట్టుకు నాకు ఆ వాదం కంటే ఒకటే ముచ్చటగా ఉంటుంది: లిపి చేతికందిన తొలి రోజుల్లోనే మనిషి దానితో పరాచికాలాడాడు.

ఇంతకీ ఆ గిన్నె ఎవరి సమాధిలో ఉంది? కాలిన ఎముకల్ని చూసి, పద్నాలుగేళ్ళ లోపు కుర్రవాడని మొదట చీటీ కట్టారు. దాంతో కథలు పుట్టాయి. మందు, వలపు అంటూ రాసిన గిన్నె మీసాలు రాని పిల్లవాడి చితిలో ఎందుకు పెట్టారు? తండ్రి పెట్టాడా? వాడు ఎరగకుండా పోయిన సుఖాలకు గుర్తుగానా? ఎంత కన్నీరు పెట్టించే వ్యాసాలు వచ్చాయో చెప్పలేను. 2021లో కొత్త బృందం ఆ ఎముకల్ని మళ్ళీ బల్ల మీద పరిచి, సన్నగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసింది. పిల్లవాడు లేడు. ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళు. ఒకరు కాదు, కనీసం ముగ్గురు. వాళ్ళతో కలిసి జంతువుల ఎముకలు కూడా. గిన్నె వాళ్ళలో ఎవరిదో, అసలు ముగ్గురూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పే దారి లేదు. దశాబ్దాల నాటి చీటీ ఒక్క దెబ్బతో ఊడిపోయింది.

ఈ దీవిలో చీటీలు ఊడిపోవడం ఇదొక్కసారే కాదు. ఆడవాళ్ళ సమాధుల్లో బట్టకు గుచ్చుకునే కంచు పిన్నీసులు బోలెడు దొరికాయి. వాటి రకం గ్రీకుది కాదు, ఇటలీ గడ్డ మీదిది. పడవల్లో వచ్చింది మగవాళ్ళే, వాళ్ళు ఎదుటి ఒడ్డు అమ్మాయిల్ని పెళ్ళాడారు, ఆ కోడళ్ళు పుట్టింటి పిన్నీసులు పెట్టుకున్నారు అని బుక్నర్ అన్నాడు. ముచ్చటైన ఊహ. తరవాత మజ్జోలా అనే చోట అదే ఊరి పనివాళ్ళ పేట తవ్వితే కంచు, ఇనుము పనిచేసే పాకలు బయటపడ్డాయి. అక్కడ పోత సరిగా కుదరక పక్కన పారేసిన పిన్నీసు ఒకటి కనబడింది. రకం ఇటలీదే, చేసింది మాత్రం ఈ ఊళ్ళోనే! అంటే పిన్నీసు చూసి కోడలి పుట్టిల్లు చెప్పలేమన్నమాట. అలా చెబితే, పంజాబీ డ్రెస్సు వేసుకున్న అమ్మాయిది అమృత్‌సర్ అనుకున్నట్టే. పెళ్ళిళ్ళు జరగలేదని కాదు, జరిగే ఉంటాయి. పిన్నీసు దానికి సాక్ష్యం కాదంతే.

అలాగే 575వ సమాధి. చంటిబిడ్డను పూడ్చిన జాడీ. కుండ గ్రీకు రకం. దాని మీద గీకిన రాత మాత్రం గ్రీకు కాదు, సెమిటిక్ లిపి. అందులో ఒక మాట అరమాయిక్ భాషలో రెట్టింపు అని చదివారు. జాడీలో సరుకెంతో చెప్పే లెక్క. బిడ్డను అందులో పెట్టేటప్పుడు మరొక గుర్తు గీశారు. అది ఫినీషియన్ల దైవచిహ్నం. ఆ బిడ్డ తల్లో తండ్రో సిరియా, లెబనాన్ తీరం వారై ఉండాలి. అక్కడివాళ్ళు ఇక్కడ సరుకు దించి పోలేదు, బిడ్డల్ని కన్నారు, పూడ్చారు, అదే లోయలో, గ్రీకుల పక్కన.

ఇంతమంది ఈ రాతి దీవికి ఎందుకొచ్చారంటే, పొట్టకూటికి. ఇటలీ పడమటి తీరాన, ఉత్తరంగా, ఎల్బా అనే దీవిలో ఇనుప రాయి ఉంది. అక్కడి ఖనిజపు ముక్క, ఇనుప చిట్టెం, కొలిమి తిత్తికి తగిలించే మట్టిగొట్టం ఇక్కడ దొరికాయి. గనులున్న సీమ ఎట్రుస్కన్లనే ఇటలీ జనానిది, వాళ్ళ జోలికి పోకుండా వాళ్ళతో బేరం చేసుకోగలిగినంత దూరంలో, నీటి మధ్య, దిగడానికి మంచి రేవున్న దీవి ఇది. మజ్జోలా పాకల్లో ఒక చిన్న తూనికరాయి కూడా దొరికింది. కంచు కట్టులో సీసం పోసి చేశారు. తొమ్మిది గ్రాములకు కాస్త తక్కువ. తరవాతి కాలంలో యుబియా వాళ్ళ వెండి నాణేనికి పెట్టుకున్న తూకం దాదాపు అదే. నాణెం పుట్టడానికి ముందే తూకం పుట్టింది. కత్తి, డాలు పట్టుకుని వచ్చినవాళ్ళ ఊరు కంటే కమ్మరి, కుమ్మరి, కంసాలి, షరాబు కాపురమున్న ఊరిలాగే నాకు ఇది కనిపిస్తుంది. అందరూ సమానమని కాదు. కొన్ని సమాధుల్లో వెండి ఉంది, కొన్నింట్లో ఏమీ లేదు.

రావడమూ తేలిక కాదు. ఈ లోయలో దొరికిన ఒక పెద్ద కలశం మీద స్థానిక చిత్రకారుడు ఓడ మునక గీశాడు. ఓడ తలకిందులై ఉంది. చుట్టూ చేపలు, చేపల మధ్య మనుషులు. ఒకడి తల అప్పటికే పెద్ద చేప నోట్లో ఉంది. కుండ మీద పురాణ వీరుల యుద్ధం గీయడం వేరు, ఇది వేరు. ఈ బొమ్మ చూసిన ప్రతి ఇంట్లోనూ ఇలా పోయినవాడు ఒకడు గుర్తొచ్చి ఉంటాడు.

ఊరు వెలిగింది రెండు మూడు తరాలే. తరవాత జనం చాలామంది ఎదుటి ఒడ్డున క్యూమేకు చేరారు. తగాదాల వల్లా, భూకంపాల వల్లా అని స్ట్రాబో. బంగారం మాట తప్పినా భూకంపం మాట తప్పలేదు. 1883లో అదే దీవిలో కాసమిచ్చోలా ఊరు కూలి రెండు వేల మందికి పైగా పోయారు. తరవాత పెద్ద తత్వవేత్త అయిన బెనెడెట్టో క్రోచే అప్పుడు పదిహేడేళ్ళవాడు. తల్లిదండ్రులనూ సోదరినీ ఆ రాత్రే పోగొట్టుకున్నాడు. 2017లో కూడా ఆ ఊరు కంపించింది.

క్యూమే వెళ్ళినవాళ్ళు మూటల్లో ఏం పట్టుకెళ్ళారో గాని, అక్షరాలు మాత్రం పట్టుకెళ్ళారు. ఆ యుబియా అక్షరాలే ఎట్రుస్కన్లకు, వాళ్ళ నుంచి రోమన్లకు చేరాయి. మన పిల్లలు బడిలో దిద్దే ఇంగ్లీషు ఎక్స్‌కు క్‌స అనే పలుకు రావడం ఈ యుబియా దారి వల్లే. ఏథెన్సు నుంచి నేటి గ్రీసుకు వచ్చిన దారిలో అదే గుర్తు ఖ అని పలుకుతుంది. ఈ అక్షరాల పుట్టిల్లు ఫినీషియా. అల్ఫా, బీటా అన్న పేర్లు వాళ్ళ అలెఫ్, బెత్ నుంచి వచ్చినవే, అంటే ఎద్దు, ఇల్లు. ఫినీషియన్ లిపికే మరో బిడ్డ అరమాయిక్. మన బ్రాహ్మీ లిపికి మూలం ఆ అరమాయిక్ అని చాలామంది పండితులంటారు, కాదనేవారూ ఉన్నారు. అవునన్నవారి మాట నిజమైతే, భట్టిప్రోలు ధాతు కరండాల మీది అక్షరాలూ, వాటి వరసలో వచ్చిన మన ఓనమాలూ, ఆ 575వ సమాధి జాడీ మీది రాతకు దూరపు చుట్టాలు.

ఇంకొక చుట్టరికం వాదన లేకుండా ఉంది. యుబియా వాళ్ళు మాట్లాడింది అయోనియన్ యాస. ఆ అయోనియన్ అనే మాటే పర్షియన్ల నోట యౌన అయి, మన దగ్గరకొచ్చేసరికి యవన అయింది. తూర్పువాళ్ళు వాళ్ళను యవనులన్నారు, పడమటివాళ్ళు గ్రీకులన్నారు, వాళ్ళు మాత్రం తమను తాము హెలీనులని చెప్పుకున్నారు.

సాన్ మొంతానో లోయలో ఇప్పుడు వేడినీటి స్నానాల తోట ఉంది. ఎండాకాలం జనం కిటకిటలాడతారు. బుక్నర్ తవ్వింది మొత్తం శ్మశానంలో పదోవంతు కూడా కాదని అంచనా. గిన్నెను దగ్గర్లోనే, లాక్కో అమేనోలో అర్బుస్తో భవంతి మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. 1999లో ఆ మ్యూజియం తెరిచేనాటికి బుక్నర్ ఎనభై దాటిన ముసలాయన.

మజ్జోలాలో దొరికిన మరో పెంకు సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. అది ఒక పెద్ద కలశం ముక్క. కుమ్మరి దాని మీద కాల్చకముందే కుంచెతో తన పేరు రాసుకున్నాడు, నన్ను చేసింది ఫలానావాడు అని. గ్రీకు కుమ్మరి సంతకాల్లో మనకు తెలిసినవాటిలో అతి పాతది అదే కావచ్చు. పెంకు విరిగిన చోట పేరూ విరిగింది. ఇనోస్ అన్న చివరి భాగం మాత్రం ఉంది. మొదటి సగం ఉన్న ముక్క ఇంకా దొరకలేదు.